ఓక్ తగలని లేత సెమిలాన్: ముక్కుకి ఏమీ అందట్లేదంటున్నారు, అసలు రుచి చూడ్డం ఎలా?

గోదారిగట్టు (ప్రశ్న)

నమస్కారం అండి. సిడ్నీ నుంచి వచ్చిన బంధువొకాయన హంటర్ వ్యాలీ సెమిలాన్ (ఆ పేరు ద్రాక్షతో చేసే తెల్ల వైన్) రెండు సీసాలు తెచ్చారు. డ్యూటీ ఫ్రీలో మనిషికి రెండు లీటర్లే కాబట్టి మూడో సీసాకి చోటు లేదు. ఒకటి 2024, ఇంకోటి 2023, కంపెనీలు వేరు. రెండింటి మీదా ఆల్కహాల్ 11 శాతం లోపే ఉంది, ఓక్ చెక్క పీపా వాడలేదని రాసుంది, రెండూ స్క్రూ మూతలే. వీటికి తోడు నాసిక్ సావిన్యోన్ బ్లాంక్ (ఇంకో రకం తెల్ల వైన్) ఒకటి ఉంది. భీమవరంలో ఆరుగురం కూర్చుని పద్ధతిగా రుచి చూద్దామనుకుంటున్నాం.

ఈ రకం ఇదివరకు తాగినవాళ్ళు మాత్రం "నిమ్మకాయ పిండిన నీళ్ళండీ బాబూ, అంతకుమించి ఏం లేదు" అంటున్నారు. అది వైన్ తప్పా, తాగే తీరులో తప్పా? ఎంత చల్లగా ఉండాలి, ఏది ముందు పొయ్యాలి, ఎంత పొయ్యాలి? మన చేపలూ రొయ్యల్లో దీని పక్కన ఏది నిలబడుతుంది? తెలిసినవాళ్ళు వివరంగా చెప్పండి.

ద్రాక్షారామ

నిమ్మకాయ నీళ్ళన్నవాళ్ళు అబద్ధం చెప్పలేదు, సగం చెప్పారంతే. హంటర్ సెమిలాన్ లేతగా ఉన్నప్పుడు ముక్కుతో తీర్పు చెప్పే వైన్ కాదండి, నోటితో చెప్పాలి. అది పట్టుబడితే మిగతాదంతా తేలికే.

ముందు అది ఎందుకలా ఉంటుందో చూడండి. హంటర్ వ్యాలీ సిడ్నీకి ఉత్తరాన 160 కిలోమీటర్ల దూరంలో ఉంటుంది. మనలాగే వేడి, ఉక్క. కోత వేళకి వానలు పడే ప్రమాదం ఉంది, సెమిలాన్ తొక్కేమో పల్చన, తడిస్తే గుత్తి కుళ్ళిపోతుంది. అందుకని జనవరి చివర్లోనో ఫిబ్రవరిలోనో, చక్కెర 10, 11 బోమే డిగ్రీల దగ్గర ఉండగానే కోసేస్తారు. ఒక్కో బోమే డిగ్రీకి దాదాపు ఒక శాతం ఆల్కహాల్ వస్తుంది కాబట్టి మీ సీసా మీద 11 లోపు కనిపిస్తోంది. రసాన్ని స్టీలు ట్యాంకుల్లో చల్లగా పులియబెడతారు. మాలిక్ ఆమ్లాన్ని, అంటే పచ్చి ఆపిల్ పులుపుని, పెరుగు పులుపుగా మార్చే రెండో దశని జరగనివ్వరు. ఆ చలికాలంలోనే, అంటే మనకి జూన్ నుంచి ఆగస్టు మధ్య, సీసాలకి ఎక్కించేస్తారు. పీపా లేదు కాబట్టి వెనీలా, పొగ లాంటివి రావు. రెండో దశ లేదు కాబట్టి వెన్న వాసన రాదు. ఇక మిగిలేది ద్రాక్ష, పులుపు.

వాసనలో వెతకాల్సినవి: నిమ్మతొక్క, దబ్బకాయ తొక్క, పచ్చి ఆపిల్, నిమ్మగడ్డి, ఎండిన వరిగడ్డి, ఒక్కోసారి కొంచెం మైనం. అన్నీ సన్నగానే ఉంటాయి. వీటికి ముక్కు అలవాటు పడాలంటే ముందురోజు ఒక పని చేయండి. వాసన పెద్దగా లేని చవక తెల్ల వైన్ 30 మిల్లీల చొప్పున నాలుగు గ్లాసుల్లో పొయ్యండి. ఒకదాంట్లో వేలిగోరంత నిమ్మతొక్క (తెల్లభాగం లేకుండా), ఒకదాంట్లో దబ్బతొక్క, ఒకదాంట్లో రెండంగుళాల వరిగడ్డి పరకలు నాలుగైదు వెయ్యండి. నాలుగోది ఖాళీగా పోల్చుకోడానికి ఉంచండి. మూతపెట్టి అరగంట ఆగి వాసన చూడండి, తాగొద్దు. నిమ్మకీ దబ్బకీ తేడా అక్కడ దొరికితే మర్నాడు సెమిలాన్‌లో ఏదుందో చెప్పగలరు. నా మటుకు బాగా చేసిన హంటర్ సెమిలాన్‌లో నిమ్మ కంటే దబ్బే ఎక్కువ.

పులుపుకి కూడా ఇలాంటి సాధన ఉంది. కిరాణా కొట్లో నిమ్మ ఉప్పు దొరుకుతుంది కదా, లీటరు నీళ్ళ సీసాలు మూడు తీసుకుని, వరసగా 2, 4, 6 గ్రాములు కలపండి. ఒక్కో గుక్క నోట్లో పెట్టుకుని ఉమ్మేసి, దవడ కింద లాలాజలం ఎంతసేపు ఊరుతోందో చూడండి. నాలుక చురుక్కుమనడం కొలత కాదు, ఊరడమే కొలత. ఈ వైన్లలో ఆమ్లం సాధారణంగా లీటరుకి 6, 7 గ్రాముల మధ్య, పీహెచ్ 3 అటూఇటూ ఉంటుంది.

ఇక అసలు పని. గ్లాసు సన్న మూతిది, 215 మిల్లీలు పట్టే టేస్టింగ్ గ్లాసైతే మేలు. అందులో 50 మిల్లీలే పొయ్యండి. స్టీలు గ్లాసు వద్దు, రంగు కనపడదు. రంగు గడ్డి ఛాయ, అంచున ఆకుపచ్చ మెరుపు ఉండాలి. గ్లాసు తిప్పకముందు ఒకసారి, తిప్పాక ఒకసారి వాసన చూడండి, అక్కడ ఎక్కువసేపు కూర్చోకండి. తర్వాత 10, 15 మిల్లీలు నోట్లోకి తీసుకుని, పెదాల మధ్య నుంచి కొంచెం గాలి పీల్చి, ఐదు సెకన్లు ఆపి ఉమ్మేయండి.

ఇప్పుడు మూడు సంగతులు గమనించాలి. పులుపు నాలుక కొసన మొదలై ఆగిపోయిందా, లేక గొంతుదాకా ఒకే దారంలా సాగిందా? మధ్యలో, నాలుక నడిమిన, ఏమైనా బరువు ఉందా? సెమిలాన్‌కి అక్కడ సన్నటి మైనపు నునుపు ఉంటుంది. సావిన్యోన్ నుంచి దీన్ని వేరు చేసేది ఎక్కువగా అదే. ఉమ్మేశాక నిమ్మ రుచి ఎన్ని సెకన్లు నిలిచింది? పది దాటితే సరుకు మంచిదే. మొదట్లో చురుకు, మధ్యలో డొల్ల, చివర్లో ఏమీ లేకపోతే మీవాళ్ళ మాట నిజం, అది నిమ్మనీళ్ళే. చివర గింజ చేదు తగిలితే ద్రాక్షని చివరిదాకా గట్టిగా నొక్కి రసం తీశారన్నమాట. మంచివాళ్ళు తేలిగ్గా దిగే మొదటి రసమే వాడతారు. పచ్చి క్యాప్సికం వాసన గుప్పుమంటే కాయ మరీ పచ్చిగా ఉండగా కోశారు. తొందరగా కొయ్యడం వేరు, పక్వం కాకుండా కొయ్యడం వేరు. మొదటిదాంట్లో పులుపు చక్కగా ఉంటుంది, రెండోదాంట్లో కరుకుగా ఉంటుంది.

వరుస విషయంలో ఒక్కటే హెచ్చరిక. సావిన్యోన్ చివర్లో పొయ్యండి. అది గ్లాసులోంచే ఎగిరొచ్చే రకం. అది ముందు తాగితే ఆ తర్వాత ఏ సెమిలాన్ అయినా నీళ్ళే. మీరు చెప్పిన ఫిర్యాదులకి సగం కారణం ఇదే అయి ఉంటుంది.

గోదారిగట్టు

ధన్యవాదాలండి. 2024, 2023 రెంటిలో ఏది ముందు? నాకు నిజంగా రెండిటి తేడా తెలుస్తోందా, లేబుల్ చూసి ఊహించుకుంటున్నానా అని ఎలా తేల్చుకోవాలి?

ద్రాక్షారామ

లేతది ముందు, అంటే 2024. తేడా నిజమో కాదో తేల్చడానికి మూడు గ్లాసుల పరీక్ష పెట్టండి. ఒక్కొక్కరికి 30 మిల్లీల చొప్పున మూడు గ్లాసులు, రెండింట్లో ఒకే వైన్, ఒకదాంట్లో వేరేది. ముగ్గురికి 2024 రెండు గ్లాసుల్లో, మిగతా ముగ్గురికి 2023 రెండు గ్లాసుల్లో వచ్చేలా పొయ్యండి. గ్లాసు అడుగున స్టిక్కర్ అంటించి, పోసే పని ఈ ఆటలో లేని మనిషికి అప్పజెప్పండి. వేరే గ్లాసు ఏదో రాసి ఇవ్వాలి, మాట్లాడుకోకూడదు. ఊరికే ఊహించినా ముగ్గురిలో ఒకరు సరిగ్గా చెప్పేస్తారు. కాబట్టి ఆరుగురిలో ఇద్దరు ముగ్గురు చెప్పినంత మాత్రాన లెక్కలోకి రాదు. ఐదుగురు చెప్పగలిగితే తేడా ఉన్నట్టే.

లెక్క సరిపోతుంది. మొదటి విడత ఆరుగురికి 300 మిల్లీలు, ఈ పరీక్షకి ఒక్కో సీసాలోంచి 270, మిగిలిన 180 భోజనంలోకి.

గ్లాసులు పద్దెనిమిది కావాలి, అద్దెకి తెస్తారేమో. తెచ్చినవాటిని సబ్బు వాసన పోయేదాకా వేడినీళ్ళతో కడిగి, వాసన లేని గుడ్డతో తుడవండి. బీరువాలో బోర్లించి ఉంచిన గ్లాసుకి చెక్క వాసన పడుతుంది, అది చూసి వైన్‌లో ఓక్ ఉందని వాదించేవాళ్ళు ఉంటారు.

కాకినాడ_చలిగది

పైన చెప్పినవి బాగున్నాయి, మన ఊళ్ళ ఎండ సంగతి ఒక్కటి కలుపుతాను. ఇక్కడ లేత సెమిలాన్‌ని చెడగొట్టేది ఎక్కువసార్లు వేడే.

సీసా వచ్చాక ఎక్కడ పెట్టారు? ఫ్రిజ్ పైన పెడితే కింద మోటారు వేడి, పైన గది వేడి. కారు డిక్కీలో మధ్యాహ్నం వదిలేసినా అంతే. ఉడికిపోయిన వైన్‌ని గుర్తుపట్టాలంటే ముందు రంగు చూడండి. 2024 వైన్ ఇప్పుడే బంగారు రంగుకి తిరిగిందంటే అనుమానించాలి. తర్వాత వాసన: నిమ్మ పోయి ఉడికించిన ఆపిల్, మాగిన తేనె వస్తాయి. చాలామంది దాన్ని "ముదిరింది, బాగుంది" అనుకుంటారు. నిజంగా ముదిరిన హంటర్ సెమిలాన్‌కి కాల్చిన రొట్టె, తేనె వాసనలు వస్తాయి, కింద పులుపు మాత్రం చెక్కుచెదరదు. ఉడికినదాంట్లో పులుపు ఉన్నా రుచి చప్పగా కూలిపోతుంది. స్క్రూ మూత చుట్టూ జిగురుగా తడి కనిపించినా వేడికి ఉబ్బి కారిందని అర్థం.

వైన్ ఫ్రిజ్ లేకపోతే మామూలు ఫ్రిజ్ కింది అరలో పెట్టేయండి, కొన్ని నెలలకి ఏమీ కాదు. స్క్రూ మూత కాబట్టి బిరడా ఎండిపోతుందన్న బాధ లేదు, నిలబెట్టినా సరే.

చల్లదనం: ఫ్రిజ్‌లో నాలుగు డిగ్రీలు ఉంటుంది, ఆ చలిలో దీని సన్నటి వాసనలు అస్సలు లేవవు. తీసి పది నిమిషాలు ఆగి పొయ్యండి. 8 డిగ్రీల దగ్గర మొదటి గుక్క, గ్లాసులోనే 12కి వచ్చాక రెండోది. మొదటిదాంట్లో పులుపు తెలుస్తుంది, రెండోదాంట్లో లోపాలు తెలుస్తాయి. ఏసీ లేని గదిలో 12 దాటడానికి ఎంతోసేపు పట్టదు కాబట్టి ఒకేసారి ఆరు గ్లాసులూ నింపి ఉపన్యాసం మొదలుపెట్టకండి. ఫ్రిజ్‌లో పెట్టడం మర్చిపోతే బకెట్లో సగం ఐసు, సగం నీళ్ళు, గుప్పెడు కల్లుప్పు వేసి సీసా మెడదాకా ముంచండి, ఇరవై నిమిషాలు చాలు. ఒట్టి ఐసులో పెడితే గాలి ఖాళీల వల్ల ఆలస్యం. గ్లాసులో ఐసు ముక్క మాత్రం వెయ్యకండి, 11 శాతం వైన్‌కి పలచబడే జాగా లేదు.

ఉక్కకి గ్లాసు బయట చెమట పడుతుంది, రంగు మసగ్గా కనిపిస్తుంది. నూలుగుడ్డతో తుడిచి, తెల్ల కాగితం మీదికి వంచి చూడండి. పైన ఫ్యాను తిరుగుతుంటే వాసన గ్లాసు మూతి దగ్గరే చెదిరిపోతుంది, వాసన చూసే ఆ రెండు నిమిషాలు ఆపండి. అగరొత్తులు, మల్లెపూలు, వంటింట్లో తాలింపు ఏవీ ఆ చుట్టుపక్కల వద్దు.

ఇంకో మూడు చిన్న విషయాలు. తియ్యగానే అగ్గిపుల్ల వాసనో, కుళ్ళిన గుడ్డు వాసనో వస్తే కంగారు పడకండి, స్క్రూ మూత వైన్లలో గంధకపు వాసన అప్పుడప్పుడు ఉంటుంది. ఒక జగ్గులోంచి ఇంకో జగ్గులోకి రెండుసార్లు పోసి పది నిమిషాలు ఆగండి. పోకపోతే ఒక్క గ్లాసులో శుభ్రంగా తోమి కడిగిన రాగి ముక్క అరనిమిషం తిప్పి తీసి వాసన చూడండి. గుడ్డు వాసన పోతే కారణం అదే. ఆ గ్లాసు తాగకుండా పారబొయ్యండి. నాలుక మీద సన్నగా చిటపట అంటే సీసాలో మిగిలిన కార్బన్ డయాక్సైడ్, లేత వైన్‌లో అది దోషం కాదు. అడుగున పంచదార పలుకుల్లా కనిపించేవి ఫ్రిజ్ చలికి గడ్డకట్టిన టార్టార్ లవణాలు. గాజు పెంకులేమో అని పారబొయ్యకండి, మెల్లగా వంచితే అడుగునే ఉండిపోతాయి.

పాలకొల్లు_రాజు

అవన్నీ సరే గానీ, సెమిలాన్ లేతగా తాగడమే దండగ అంటారు కదండీ. పదేళ్ళు దాచాలని.

కాకినాడ_చలిగది

దాస్తే బాగుంటుందన్నది నిజమేనండి. హంటర్‌లోని టిరెల్స్ కంపెనీ వాళ్ళ వ్యాట్ 1 అనే సెమిలాన్‌ని కంపెనీయే దాదాపు ఐదేళ్ళు తన దగ్గర ఉంచుకుని గానీ బయటికి ఇవ్వదు. కానీ అక్కడి నేలమాళిగలు వేరు. 12, 14 డిగ్రీల వైన్ ఫ్రిజ్, కరెంటు పోతే ఇన్వర్టరు ఉన్నవాళ్ళు దాచుకోవచ్చు. లేనివాళ్ళు రెండు మే నెలలు దాటించాలనుకోవడం వృథా. పైగా లేత సెమిలాన్‌ని ముదురుదాని నీడగా చూడక్కర్లేదు, వేసవి మధ్యాహ్నం రొయ్యల పళ్ళెం పక్కన దానికి సాటి వచ్చేవి తక్కువ.

అంతర్వేది_పీత

తిండి సంగతి నాకొదిలేయండి.

మొదటగా పండుగప్ప. ఆస్ట్రేలియావాళ్ళు బారాముండి అని మురిసిపోయే చేప, మన పండుగప్ప ఒకటే జాతి. అక్కడ ఈ వైన్‌తో తింటారు, ఇక్కడా అదే చెయ్యండి. ఒకటిన్నర సెంటీమీటర్ల మందం ముక్కలకి ఉప్పు, చిటికెడు పసుపు, మిరియాల పొడి రాసి పావుగంట ఉంచి, ఊరిన నీళ్ళు గుడ్డతో అద్దెయ్యండి. ఇది మానేస్తే ముక్క వేగదు, పెనం మీద ఉడుకుతుంది. పల్చగా బియ్యప్పిండి అద్ది, ఒక్కో వైపు మూడు నిమిషాలు వేయించండి. కారం, గరం మసాలా వద్దు. నిమ్మకాయ పిండొద్దు, ఆ పని వైన్ చేస్తుంది. పిండితే తిండి పులుపు ముందు వైన్ పులుపు వెనక్కి తగ్గి, మీ మిత్రులు మళ్ళీ నీళ్ళంటారు.

వనామీ రొయ్యలైతే పావుకిలోకి అర చెంచా ఉప్పు, చెంచా మిరియాల పొడి, రెండు చెంచాల నెయ్యి, కరివేపాకు చాలు. మూకుడు బాగా కాగాక వెయ్యండి, రెండు మూడు నిమిషాల్లో సున్నాలా కాకుండా సగం చుట్ట తిరగ్గానే దించెయ్యండి. నెయ్యీ ఉప్పూ కలిసి వైన్ పులుపుని మెత్తబరుస్తాయి. ఉడికించిన మండపీత ఒట్టి ఉప్పుతో ఇంకా బాగుంటుంది, ఒలుచుకునే ఓపిక ఉంటే.

చెరువు చేపతో జాగ్రత్త. మట్టివాసన ఉందంటే అది జియోస్మిన్ అనే పదార్థం వల్ల. ఆ ముక్క తిని గ్లాసు వాసన చూస్తే వైన్ బూజు పట్టినట్టుంటుంది, తప్పు సీసా మీదికి పోతుంది. అందుకే వైన్ తీర్పు ముందు, తిండి తర్వాత. చేపని పుల్లమజ్జిగలో అరగంట నానబెట్టి కడిగితే ఆ వాసన చాలావరకు పోతుంది, ఆమ్లానికి జియోస్మిన్ విరుగుతుంది.

గుక్కకీ గుక్కకీ మధ్య ఉప్పు వెయ్యని మరమరాలు, మంచినీళ్ళు. మోరి జీడిపప్పు చివర్లో పెట్టండి, ముందే పెడితే నూనె నాలుకకి పూత పూస్తుంది. పూతరేకులు ఆ పూటకి మర్చిపోండి, బెల్లం నాలుక మీద ఉండగా చక్కెర లేని వైన్ తాగితే పులుపు ఒక్కటే మిగులుతుంది.

పాలకొల్లు_రాజు

పులస మాట ఎత్తకుండా తప్పించుకున్నారు, ఆయ్!

అంతర్వేది_పీత

తప్పించుకోలేదండి, దాని గౌరవం దానికిచ్చాను. పులస పులుసులో చింతపండు, కారం, బెండకాయ, చేప నూనె, పైన వెన్న, ఆవకాయ నూనె. మట్టిదాకలో రాత్రంతా ఊరినదాని ముందు 11 శాతం వైన్ ఎక్కడ ఆగుతుంది? చింతపండు పులుపు వైన్ పులుపుని మింగేస్తుంది, చేప నూనె దబ్బ వాసనని కప్పేస్తుంది. కారానికి తక్కువ ఆల్కహాల్ నయమే, 14 శాతం వైన్‌తో కారం మంట ఇంకా రేగుతుంది. ఆ ఒక్క లాభం కోసం పులసనీ సెమిలాన్‌నీ రెండింటినీ పాడుచేసుకోవడం దేనికి?

గోదారిగట్టు

మహా ఉపకారం అండి. ఆఖరి ప్రశ్న. సావిన్యోన్ సీసా ఎలాగూ సగం మిగిలిపోతుంది. అలాగే సెమిలాన్ రెండో సీసా ఆ రోజు తియ్యకపోతే యానాం మిత్రులకి ఇచ్చి బదులు ఇంకోటి తెచ్చుకోవచ్చా?

మోడరేటరు

యానాం సరిహద్దు దాటించే సీసాల గురించి ఇక్కడ సలహాలు ఉండవు, ఎక్సైజు నిబంధనలు చూసుకోండి. మిగతా ప్రశ్నకి జవాబు ఇవ్వొచ్చు.

ద్రాక్షారామ

మిగిలిన వైన్‌ని ముందే కడిగి ఆరబెట్టిన 375 మిల్లీల స్క్రూ మూత సీసాలోకి అంచుదాకా నింపి, ఫ్రిజ్‌లో పెట్టండి. పైన గాలి ఎంత తక్కువుంటే అంత మంచిది. భోజనాలయ్యాక కాదు, మూత తీసిన వెంటనే మొదటి పనిగా నింపేస్తే నాలుగైదు రోజులు నిలుస్తుంది. సగం ఖాళీ పెద్ద సీసాలోనే వదిలేస్తే రెండో రోజుకి సావిన్యోన్ వాసన సగానికి పడిపోతుంది. సెమిలాన్‌కి పోగొట్టుకోడానికి అంత వాసన లేదు కాబట్టి మూడో రోజు కూడా పులుపు నిలబడే ఉంటుంది. అందుకని ఆ రోజు రెండు సెమిలాన్లూ తీసెయ్యండి, పక్కపక్కన పెట్టకపోతే మూడు గ్లాసుల పరీక్ష ఎలాగూ కుదరదు.